కుదురుకునే దాకా

బోన్సాయ్ ముందు నిలబడ్డవాళ్లు ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతారు. దీని వయసెంత? దీని ఖరీదెంత? రెండూ అడగదగ్గవే. కానీ కొండల మీంచి తెచ్చిన ముసలి చెట్టు విషయంలో నాకు అసలైనదిగా తోచే ప్రశ్న ఇంకొకటి ఉంది. కుండీలోకి రాకముందు దీన్ని ఎన్నేళ్లు ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారు? మెలితిరిగిన మాను చూసి మెచ్చుకుంటాం, తెల్లగా ఎండిన కొమ్మలు చూసి అబ్బురపడతాం. అవి నలుగురి కంటా పడక ముందు, ఏ సింగారమూ లేని చెక్కపెట్టెలో, ఎవరి పొగడ్తా లేకుండా ఆ చెట్టు గడిపిన ఏళ్లున్నాయి. ఈ విద్యలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ ఏళ్లనే.

నేనుండేది అమెరికాలోని కొలరాడోలో. ఇంటి నుంచి పడమటికి వెళితే రాకీ పర్వతాలు. కోస్తా ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి సన్నటి సూదుల్లాంటి ఆకులంటే నాకు తెలిసినవి సముద్రపు ఒడ్డు సరుగుడు తోటలే. సరుగుడు చూపుకు పైన్‌లా ఉంటుంది గానీ ఆ వంశానిది కాదు, అది పూలు పూసే చెట్టు. అసలైన సూదాకు చెట్లు, పైన్, స్ప్రూస్, జూనిపర్ లాంటివి, నాకు ఈ కొండల్లోనే పరిచయమయ్యాయి. లోయల్లో అవి నిటారుగా, తలెత్తి చూడవలసినంత ఎత్తున ఉంటాయి. పైకెక్కేకొద్దీ పొట్టివవుతాయి. సుమారు 11,500 అడుగుల దగ్గర అడవి ఆగిపోతుంది. ఆ హద్దు దగ్గర మిగిలినవి నడుమెత్తువి, మోకాలెత్తువి. వాటిని పిల్ల మొక్కలనుకుంటే పొరపాటు. వాటిలో మన తాతముత్తాతలకన్నా ముందు మొలిచినవున్నాయి.

అక్కడ చెట్టును పొట్టి చేసేది చలి ఒక్కటే కాదు. శీతాకాలపు గాలి మంచురవ్వల్ని మోసుకొచ్చి ఆకుల మీద గీరుతుంది. ఆకు పైనున్న మైనపు పొర చిరిగితే లోపలి తడి ఆవిరైపోతుంది. నేల గడ్డకట్టి ఉంటుంది కనక వేళ్లు ఆ తడిని మళ్లీ అందించలేవు. గాలికి ఎదురుగా ఉన్న మొగ్గలు చచ్చిపోతాయి, చాటున ఉన్నవి మిగులుతాయి. మంచు దుప్పటి కింద దాగిన కింది కొమ్మలు మాత్రం క్షేమంగా నేలబారున పరుచుకుంటాయి. వాలు మీద పేరుకున్న మంచు లేత మానును పల్లానికి వంచుతుంది. వేసవి రాగానే చెట్టు వెలుగు వైపు తల తిప్పుకుంటుంది. అంతలో మళ్లీ శీతాకాలం. ఏటా ఇదే వరస. బోన్సాయ్ చేసేవాళ్లు కొమ్మలకు తీగ చుట్టి కిందికి దించేది ఈ మంచు బరువును మనసులో పెట్టుకునే. కిందికి వాలిన కొమ్మ ముసలితనానికి గుర్తు.

ఇంకొంచెం దిగువన చెట్టుకు ఎదురయ్యే కష్టం వేరు. అక్కడంతా గ్రానైట్ బండలు. బండ మీది గుంటలో రాలిన ఆకులూ, అరిగిన రాతి గులకా చేరి దోసెడు మట్టి అవుతుంది. అందులో ఒక పాండరోసా పైన్ గింజ పడి మొలుస్తుంది. గుంట నిండేదాకా వేళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత వాటికి పోవడానికి చోటుండదు. వేసవిలో ఆ మట్టి ఎండిపోతుంది. చెట్టు దొరికిన నీటి మేరకే పెరుగుతుంది. ఏడాదికి దాని మానులో చేరే వలయం అర మిల్లీమీటరు మందం కూడా ఉండకపోవచ్చు. మణికట్టంత లావు లేని మానుకు నూరేళ్లు నిండి ఉండొచ్చు. ఎత్తు వయసును దాచినా బెరడు దాచదు. పాండరోసాకు వయసు మీరేకొద్దీ నల్లటి బెరడు ఎర్రటి నారింజ రంగు పలకలుగా మారుతుంది. ఎండ బాగా కాసిన రోజున ఆ పలకల దగ్గర ముక్కు పెడితే వెనిలా వాసన వస్తుంది.

ఇలాంటి చోట్లకూ దీర్ఘాయువుకూ ఉన్న సంబంధాన్ని లోకం ముందు పెట్టినవాడు ఎడ్మండ్ షుల్మన్. అరిజోనా విశ్వవిద్యాలయంలో చెట్ల వలయాలు లెక్కించే శాస్త్రవేత్త. సూదాకు చెట్లు ప్రతికూల పరిస్థితుల్లోనే ఎక్కువకాలం బతకడం గురించి 1954లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌లో 4,000 ఏళ్లు దాటిన బ్రిసిల్‌కోన్ పైన్లను గుర్తించాడు. సారవంతమైన నేలలో ఏపుగా పెరిగినవి కావు అవి. పొడిగా, పేలవంగా ఉన్న నేలలో ఈడ్చుకుంటూ పెరిగినవి. కారణాలు తెలుసుకుంటే ఆశ్చర్యం తగ్గదు, పెరుగుతుంది. నిదానంగా పెరిగిన కొయ్య గట్టిగా, జిగురుతో నిండి ఉంటుంది కాబట్టి పురుగూ బూజూ అంత సులువుగా ఎక్కవు. చెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఒకదాని మంట ఇంకోదానికి అంటుకోదు.

ఇంకో కారణం ఉంది. ఈ చెట్ల తీరు అంతా దానిలోనే ఉందని నాకనిపిస్తుంది. బ్రిసిల్‌కోన్ పైన్‌లో, జూనిపర్‌లో ఒక్కో పెద్ద వేరు ముఖ్యంగా తన పైనున్న మాను భాగానికీ, దాని పైనున్న కొమ్మలకూ నీరు పంపుతుంది. రాయి దొర్లి ఒక వేరు తెగితే, కరువులో ఒక వేరు ఎండితే, ఆ వేరు పోషించిన బెరడూ కొమ్మా చచ్చిపోతాయి. మిగతా చెట్టు బతికే ఉంటుంది. అలా ఒక్కో భాగాన్నీ వదులుకుంటూ పోయి చివరికి ఒక పక్కన రెండు వేళ్ల వెడల్పు బెరడు పట్టీ మిగులుతుంది. ఒక గుప్పెడు పచ్చదనాన్ని ఆ పట్టీ నిలబెడుతుంది. చుట్టూ ఉన్న చచ్చిన కొయ్య ఎండకూ మంచుకూ వెలిసి వెండి రంగు తేలుతుంది. పొడిగాలిలో అది శతాబ్దాల పాటు కుళ్లకుండా నిలుస్తుంది. ఎండిన కొమ్మను జపనీయులు జిన్ అంటారు, బెరడు ఊడి బయటపడ్డ మాను భాగాన్ని షారి అంటారు. జూనిపర్ బోన్సాయ్‌లో కంటికి ముందుగా కనిపించేది ఈ చావు బతుకుల పొత్తే.

కష్టం మనిషికి మంచిదని చెప్పాలనుకున్నవాళ్లు ఈ చెట్టును సాక్షిగా పిలుస్తుంటారు. రాళ్లలో పెరిగింది కాబట్టే ఇంత అందం వచ్చింది చూడండి అంటారు. నేను ఒప్పుకోను. ఒక్క చెట్టు నిలిచిన బండ మీద మొలకెత్తి మాడిపోయినవి ఎన్నో ఉంటాయి. వాటి తరఫున మాట్లాడేవాళ్లు లేరు. కొండ ఎవరికీ పాఠం చెప్పడానికి కూర్చోలేదు. చెట్టు అందం కష్టంలో లేదు, ఆ కష్టానికి అది ఇచ్చిన జవాబులో ఉంది. పోషించలేనిదాన్ని వదిలేసింది, పోషించగలిగినంత మేరకు బతికింది. అందుకే దాని దగ్గర మిగులు అనేదే ఉండదు. ఉన్న ప్రతి సూదీ, ప్రతి పీచువేరూ లెక్కలోవే. దాన్ని కొండ దించాలనుకునే మనిషి మొదట అర్థం చేసుకోవలసింది ఇది. ఆ చెట్టుకు మనం ఇంకో కష్టం జోడిస్తే అందం పెరగదు, చెట్టు పోతుంది.

కొండల్లో పెరిగిన చెట్టును కుండీకి తెచ్చే పద్ధతిని యమదోరి అంటారు. జపాన్‌లో దీనికి పరాకాష్ఠ షింపాకు జూనిపర్ల వేట. మొదట షికోకు దీవిలోని ఇషిజుచి పర్వతాల్లో, ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో నీగటా ప్రాంతంలోని ఇతోయిగావా దగ్గర, సున్నపురాతి చరియల మీద సాగింది. నడుముకు తాడు కట్టుకుని చరియ అంచు నుంచి దిగి, గాల్లో వేలాడుతూ, రాతి నెర్రెల్లోంచి చెట్టును విడదీసేవాళ్లు. జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ శతాబ్దం సగం గడిచేసరికి అక్కడి మంచి చెట్లు దాదాపు అయిపోయాయి. ఇప్పుడు ఇతోయిగావా పేరుతో అమ్మేవి చాలావరకు కొమ్మలు నాటి పెంచినవి. అందాన్ని ప్రేమించినవాళ్లే ఆ చరియల్ని ఖాళీ చేశారు. వాళ్ల సాహసానికి నేను తల వంచుతాను. ఆ ఖాళీ చరియల్ని కూడా గుర్తుంచుకుంటాను. ప్రేమకు హద్దు తెలియకపోతే అది కోరినదాన్నే మిగల్చదు.

అందుకే ఇక్కడ నియమాలున్నాయి, ఉండాలి కూడా. జాతీయ పార్కుల్లో చెట్టును తవ్వడం నిషేధం. ప్రభుత్వ అడవుల్లో ఆ ప్రాంతపు రేంజర్ కార్యాలయం నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. ఎక్కడ తవ్వొచ్చో, ఎన్ని తీసుకోవచ్చో వాళ్లే చెబుతారు. సొంత భూమి అయితే యజమానిని అడగాలి. కానీ కాగితం చేతికొచ్చినంత మాత్రాన చెట్టు మనదయిపోదు. చెట్టు దగ్గర ఇంకో అనుమతి అడగాలి. మాను మొదట్లో చెయ్యి వేసి మెల్లగా కదిలిస్తాం. చుట్టూ ఉన్న మట్టి మొత్తం ఒక్క ముద్దగా కదిలితే వేళ్లన్నీ ఆ గుంటలోనే ఉన్నట్టు, అది రాగలదు. మాను బండలో దిగేసిన మేకులా చలించకపోతే వేళ్లు నెర్రెలోంచి ఎక్కడికో పోయినట్టు. దాన్ని పెళ్లగిస్తే మన చేతికొచ్చేది వేళ్లు లేని మాను. అప్పుడు గునపం దించి, చెయ్యి దులుపుకుని, తవ్వబోయిన చోట ఆకుల చెత్త తిరిగి కప్పి వచ్చేయాలి. నేను చూసిన అతి అందమైన చెట్లన్నీ ఈ రెండో రకానివే. అవి అక్కడే ఉన్నాయి. ఉన్నాయన్న సంగతి నాకెంతో ఇష్టం.

తీయదగ్గది దొరికినా వేళ కుదరాలి. కొండల్లో మంచు కరుగుతూ, మొగ్గలు ఇంకా ఉబ్బకుండా ఉన్న వసంతపు మొదటి రోజులు మంచివి. చెట్టు కొత్త వేళ్లు వేయడానికి సిద్ధంగా ఉంటుంది, నీళ్ల కోసం ఆరాటపడే చిగుళ్లు ఇంకా రావు. ముద్దను మట్టితో సహా ఎత్తి, గోనెపట్టాలో బిగించి కట్టి, తడి ఆరకుండా దించాలి. ఆకు రాల్చే చెట్లకు ఒక సౌలభ్యం ఉంది. చలికాలంలో ఆకులు రాల్చుకుని, పిండి పదార్థం వేళ్లలోనూ మానులోనూ దాచుకుని నిద్రపోతాయి. ఆ నిద్రలో వేరు కొంత తెగినా తట్టుకుంటాయి. సూదాకు చెట్టు అలా కాదు. తన నిల్వల్లో పెద్ద భాగం ఆకుల్లోనే ఉంచుకుంటుంది. ఆ ఆకులు ఏడాది పొడుగునా నీటిని వదులుతూనే ఉంటాయి. వేరు సగం పోయింది కదా అని ఆకు సగం కత్తిరిస్తే భారం తగ్గుతుందనిపిస్తుంది. నిజానికి కొత్త వేరు వేయడానికి కావలసిన ఆహారం తయారయ్యేది ఆ ఆకుల్లోనే. వేరు పోగొట్టుకున్న చెట్టు దగ్గర ఆకు కూడా తీసుకుంటే ఇక దానికి మిగిలేదేమిటి?

ఇంటికొచ్చాక అందమైన కుండీ ఉండదు. వేరుముద్దకు సరిపడా చెక్కలు కొట్టి చేసిన పెట్టె ఉంటుంది. అందులో జల్లెడ పట్టి దుమ్ము తీసేసిన ప్యూమిస్ రాతి గులక పోస్తాం. అగ్నిపర్వతాల నుంచి వచ్చే ఈ తేలిక రాయి లోపలంతా బోలు. నీళ్లు పట్టుకుంటుంది, గాలినీ పట్టుకుంటుంది. వేరుకు రెండూ కావాలి. తర్వాత చెట్టును తీగలతో పెట్టెకు బిగించి కట్టాలి. ఎంత గట్టిగా అంటే, మాను పట్టుకుని ఊపితే పెట్టె కూడా ఊగాలి. కొత్తగా పుట్టే వేరుకొనలు చాలా సున్నితమైనవి. చెట్టు గాలికి కాస్త అల్లాడినా అవి తెగిపోతాయి. పెట్టెను ఎదురుగాలి లేని చోట, మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెడతాం. వేరు మీద భారం తగ్గించడానికి ఆకుల మీద సన్నగా నీళ్లు చిలకరిస్తాం. అంతే. ఆ తర్వాత చేయవలసిన ముఖ్యమైన పని ఏమీ చేయకపోవడమే.

ఏమీ చేయకపోవడం చేతులున్న మనిషికి కష్టమే. చెట్టు ఎదురుగా ఉంటుంది. ఈ కొమ్మ ఇటు తిప్పితే బాగుంటుంది, ఆ ఎండుకొమ్మ కొంచెం చెక్కితే బాగుంటుంది అని మనసు లాగుతూనే ఉంటుంది. చెట్టు పచ్చగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ పచ్చదనం నమ్మదగ్గ సాక్ష్యం కాదు. వేళ్లు చచ్చిపోయిన తర్వాత కూడా జూనిపర్ కొన్ని నెలల పాటు పచ్చగా కనిపించగలదు. చూడవలసింది కొత్త ఎదుగుదల. జూనిపర్ కొసలు లేత రంగుతో ముందుకు సాగాలి. పైన్ మొగ్గలు కిందటేటి కన్నా బలిసి ఉండాలి. అది ఒక్క ఏడాదిలో జరగొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. క్యాలెండరు చూసి నిర్ణయించేది కాదు. ఎప్పుడు సిద్ధమో చెట్టే చెబుతుంది, అది చెప్పేదాకా మనం అడగకూడదు.

ఈ మాట రాస్తుంటే నాకు ఇక్కడి తెలుగు ఇళ్లు గుర్తొస్తాయి. డెబ్బై ఏళ్లు ఒకే ఊళ్లో బతికిన అమ్మానాన్నల్ని పిల్లలు ప్రేమతో, బాధ్యతతో ఇక్కడికి తెచ్చుకుంటారు. దిగిన వారం నుంచే కార్యక్రమాలు మొదలవుతాయి. గుడి, పార్కు, పరిచయాలు, ఫోన్లో కొత్త యాప్‌లు నేర్చుకోవడం, మనవళ్లకు కథలు చెప్పడం. అన్నీ మంచి ఉద్దేశంతోనే. పెద్దవాళ్లు నవ్వుతూనే ఉంటారు, బాగానే ఉందంటారు. ఆ నవ్వు కూడా పచ్చదనం లాంటిదే, లోపలి వేళ్ల సంగతి చెప్పదు. మా అమ్మ వచ్చినప్పుడు తన కవ్వం, దేవుడి పీట, పచ్చళ్ల జాడీ, అరిగిన గరిటె తెచ్చుకుంది. ఇవన్నీ ఇక్కడ దొరుకుతాయి కదా అన్నవాళ్లున్నారు. దొరుకుతాయి. కానీ అమ్మ తెచ్చుకున్నది వస్తువుల్ని కాదు, తన మట్టిని. ఆ మట్టి చుట్టూ ఉంటేనే కొత్తచోట ఆమె చెయ్యి ఆడింది. చాలాకాలం ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిని చూసేది. మేము ఏమీ అడగలేదు. ఒక వసంతంలో ఆమే లేచి, పెరట్లో ఈ మూల తోటకూర వేసుకోవచ్చా అని అడిగింది.

అమ్మది సేద్యం చేసిన ఇల్లు. పెరట్లో పెట్టెలో ఉన్న జూనిపర్‌ను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు దాని చుట్టూ తిరిగింది. “ఎక్కడిదిరా ఈ ముసలిది?” అంది. కొండ మీదిదని చెప్పాను. కొసలు వేలితో తాకి చూసి, “ఇంకా మూన తిరగలేదు. దీని జోలికి పోకు” అంది. నాటిన నారు కొత్త మట్టిలో వేరూని కుదురుకోవడమే మూన తిరగడం. నాట్లు వేసిన పొలాలు చూసిన కన్నుకు రాకీ పర్వతాల జూనిపర్ కూడా తెలిసిన పైరే. పుస్తకాల నుంచీ అనుభవజ్ఞుల నుంచీ నేను కష్టపడి నేర్చుకున్న సూత్రాన్ని ఆమె ఒక్క చూపుతో చెప్పేసింది. నాకు గర్వమనిపించింది.

చెట్టు సిద్ధమయ్యాక కూడా మట్టి మార్చడంలో ఒక మర్యాద ఉంది. కొండమట్టి కుండీలో శాశ్వతంగా పనికిరాదు. లోతు తక్కువ కుండీలో అది గట్టిపడి నీరు నిలవేస్తుంది. మార్చక తప్పదు. కానీ ఒకేసారి కడిగేయకూడదు. మొదటి విడతలో వేరుముద్దలో ఒక సగం నుంచే పాత మట్టి విడిపించి కొత్త గులక నింపుతారు. రెండో సగం జోలికి వెళ్లరు. కొన్నేళ్లు గడిచి, విడిపించిన వైపు వేళ్లు బాగా అల్లుకున్నాక రెండో సగం. పైన్ వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రాలుంటాయి. అవి తెల్లటి దారపు పోగుల్లా వేరుకొనల చుట్టూ అల్లుకుని, నీటినీ ఖనిజాల్నీ వేరు చేరలేని చోటు నుంచి తెచ్చిపెడతాయి, బదులుగా చెట్టు చేసిన చక్కెర తీసుకుంటాయి. పాత మట్టంతా ఒక్కసారి కడిగితే ఆ బంధువులు కూడా పోతాయి. సగం పాతది ఉంటే అవి కొత్త గులకలోకి నడిచి వస్తాయి. కొత్తది రావాలి, పాతది తోడుండగా రావాలి.

అప్పుడు గానీ రాగితీగ చేతిలోకి రాదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మనవాళ్లు. పిల్లల పెంపకం విషయంలో ఆ సామెత ఎంత నిజమైనా, ఈ చెట్ల ముందు దాన్ని కొంచెం సవరించుకోవాలనిపిస్తుంది. వందేళ్ల పైన్ కొమ్మ వంగుతుంది. తడిపిన నార గట్టిగా చుట్టి, దాని మీద కాల్చి మెత్తబరచిన రాగితీగ వేసి, రెండు చేతుల్తో కొంచెం కొంచెంగా వంచుతారు. కొమ్మ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు. మిగతాది ఇంకో ఏడాది. వంచినంత మాత్రాన అది అలా ఉండిపోదు. ఆ వంపు చుట్టూ చెట్టు కొత్త కొయ్య వేసుకోవాలి. కొత్త వలయాలు చేరాకే తీగ విప్పినా కొమ్మ అక్కడే నిలుస్తుంది. అంటే వంచేది మన చెయ్యి, నిలబెట్టేది చెట్టు ఎదుగుదల. ఎదిగే శక్తి ఉన్న మాను వంగుతుంది, ఆ శక్తి లేకపోతే విరుగుతుంది. ముసలివాళ్లు మారరనే మాట కూడా ఇలాంటి తొందర తీర్పేనని నా నమ్మకం. వాళ్లలో ఎదుగుదల మిగిలి ఉందా అని చూడకుండా వంచబోయినవాళ్లు చెప్పిన మాట అది.

ఎంత మార్చాలి అన్నది ఈ విద్యలో పెద్ద చర్చ. జపాన్‌లోని ఓమియాకు చెందిన మసహికో కిమురా, 1940లో పుట్టిన మహా కళాకారుడు, ఎండుకొయ్యను యంత్రాలతో చెక్కి, చెట్టు రూపాన్నే తిరగరాసి, బోన్సాయ్‌ను శిల్పకళ సరసన నిలబెట్టాడు. ఆయన దగ్గర శిష్యరికం చేసిన అమెరికన్ ర్యాన్ నీల్ ఆరెగాన్‌లో తోట పెట్టుకుని, ఈ ఖండపు చెట్లకు ఈ ఖండపు తీరే ఉండాలని చెబుతూ పాండరోసాలనూ రాకీ పర్వతాల జూనిపర్లనూ తీర్చిదిద్దుతున్నాడు. ఇద్దరి పనినీ నేను ఆరాధనతో చూస్తాను. నా మనసు మాత్రం తక్కువ మార్చే వైపు మొగ్గుతుంది. అమెరికా జూనిపర్ ఆకు కొంచెం గరుకని, వదులుగా పెరుగుతుందని, దాని మాను మీద జపాన్ షింపాకు కొమ్మల్ని అంటుకట్టే పద్ధతి ఉంది. కొన్నేళ్లకు చెట్టు అంతటా మెత్తటి, దట్టమైన జపాన్ ఆకే ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ తన పట్టీ బెరడుతో శతాబ్దాల పాటు ఒక కొండను కాచుకున్న చెట్టుకు తన ఆకు తనకు ఉండాలని నేను కోరుకుంటాను. ఎండుకొయ్య కుళ్లకుండా సున్నం, గంధకం కలిపి మరిగించిన ద్రావణం పూయడం వరకు చేస్తాను. గాలి చెక్కిన గీతల మీద నా గీత గీయను.

డెన్వర్ బొటానిక్ గార్డెన్స్‌లో బిల్ హోసోకావా పేరిట ఒక బోన్సాయ్ మంటపం ఉంది. అక్కడ ఈ కొండల చెట్లను చూడొచ్చు. హోసోకావా పత్రికా రచయిత. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సంతతివాళ్లను ఇళ్లలోంచి పెళ్లగించి నిర్బంధ శిబిరాలకు పంపినప్పుడు ఆయన్ని వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరానికి పంపారు. అక్కడ శిబిర పత్రికకు సంపాదకుడయ్యాడు. తర్వాత డెన్వర్ వచ్చి, డెన్వర్ పోస్ట్ పత్రికలో దశాబ్దాలు పనిచేశాడు. కొండ నుంచి కదిలి కొత్తచోట వేరూనిన చెట్లకు ఆ పేరు నీడ పట్టడం నాకు సముచితంగా తోస్తుంది. పెళ్లగించడం ఎంత క్రూరంగా జరగొచ్చో, ఆ తర్వాత నిలదొక్కుకోవడం ఎంత పెద్ద పనో ఆ జీవితానికి తెలుసు.

వాషింగ్టన్‌లోని నేషనల్ అర్బోరేటమ్‌లో ఇంకో చెట్టుంది. అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండిన 1976లో జపాన్ బహుమతిగా ఇచ్చిన 53 బోన్సాయ్‌లలో అదొకటి. జపాన్ తెల్ల పైన్. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. హిరోషిమాలో యమాకి కుటుంబం తరతరాలుగా పెంచింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, పెరటి గోడ చాటున ఉండి బతికింది. ఇచ్చేటప్పుడు ఆ కథ చెప్పి గొప్పగా ఇవ్వలేదు. 2001లో ఆ ఇంటి మనవలు చెట్టును చూడటానికి వచ్చినప్పుడే లోకానికి తెలిసింది. మూడున్నర శతాబ్దాల వయసులో దేశం మారిన ఆ చెట్టు, వచ్చిన వెంటనే ప్రదర్శనలో నిలబడలేదు. అప్పగింతకు ముందు ఏడాదే, 1975లో దిగిన ఆ చెట్లన్నిటినీ మేరీల్యాండ్‌లో ఏడాది పాటు విడిగా ఉంచారు. చీడపీడల భయంతో పెట్టిన నియమమే అది. అయినా ఏ ముసలి చెట్టుకైనా కొత్త దేశంలో మొదటి ఏడాది అలాంటి ఏకాంతమే దక్కాలని నాకనిపిస్తుంది. తన కథ దాచుకోగలిగిన కుటుంబం, దాని కథ తెలియకుండానే కాపాడిన తోటమాలులు, ఇద్దరూ ఈ విద్యకు పెద్దలు.

కొండ మీంచి చెట్టు తెచ్చుకోవాలని ఉందని ఎవరైనా నన్నడిగితే గునపం గురించి చెప్పను. ముందు నర్సరీలో దొరికే జూనిపర్ మొక్కను కొన్నేళ్లు బతికించి చూడమంటాను. సెలవుల్లో ఊరెళితే నీళ్లు పోసేదెవరో ముందే చూసుకోమంటాను. నీ తర్వాత దీన్ని ఎవరికి అప్పగిస్తావని అడుగుతాను, ఎందుకంటే ఆరోగ్యంగా ఉంటే అది మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. ఆ తర్వాత కూడా మనసు లాగితే, అనుమతి తీసుకుని, రాగలిగినదాన్నే తీసుకురమ్మంటాను. ముసలి ప్రాణాన్ని దాని చోటు నుంచి కదపడానికి మనకున్న బలం చాలదు, దాని అందం మీద మనకున్న ఇష్టమూ చాలదు. దాన్నుంచి ఏమీ ఆశించకుండా ఏళ్లు ఇవ్వగల ఓపిక కావాలి. ఆ ఏళ్లు ముందుగా మన దగ్గర ఉన్నాయనుకుంటేనే కదపాలి. లేవనుకుంటే చెట్టును కొండ మీదే ఉండనిచ్చి, ఏటా వెళ్లి చూసి రావాలి. అది కూడా ఆ చెట్టును పెంచడమే.